తిరగేసి గీసిన హాలు

శామీర్‌పేటలో ఆ హాలు ఈపాటికి కూలిపోయి ఉంటే బాగుండునని తెనాలిలో రైలెక్కింది మొదలు సికింద్రాబాదులో దిగేదాకా అనుకుంటూనే ఉన్నాను. పాపిష్టి కోరికే. ఎవరైనా తాము చెయ్యి పెట్టిన కట్టడం నాలుగు కాలాలు నిలవాలని కోరుకుంటారు. నేను మాత్రం అది మట్టిలో కలిస్తే నా తప్పూ దాంతోపాటే పూడిపోతుందని ఆశపడ్డాను.

ఊరించడం నాకు చేతకాదు గనక ముందే చెప్పేస్తాను. పదకొండేళ్లు నేను హైదరాబాదు నారాయణగూడలో ఒక ఆర్కిటెక్టుల ఆఫీసులో ట్రేసరుగా పనిచేశాను. సారు పల్చటి కాగితం మీద పెన్సిలుతో నక్షా గీసిస్తే, దానిపైన ఇంకో పల్చటి కాగితం పరిచి అవే గీతల్ని ఇంకుతో దిద్దడం నా పని. ఆ ఇంకు కాగితం నుంచే నకళ్లు తీసి మేస్త్రీలకిచ్చేవారు. శామీర్‌పేట చర్చివాళ్ల హాలు నక్షాను ఒక శనివారం మధ్యాహ్నం, ఇంటికెళ్లే తొందరలో, వెనక్కి తిప్పి పరిచాను. పెన్సిలు గీత రెండు వైపులా కనిపిస్తుంది కాబట్టి తేడా తెలియలేదు. అక్షరాలూ కొలతలూ విడిగా రాసే అలవాటు వల్ల అవి సరిగ్గానే వచ్చాయి. కుడిగోడ ఎడమకూ ఎడమగోడ కుడికీ వెళ్లిపోయాయి. సారు నా మీది నమ్మకంతో సంతకం పెట్టేశారు.

గోడలు నడుమెత్తు లేచాక గానీ సంగతి బయటపడలేదు. సారు నన్ను పిలిచి అడిగారు. పెన్సిలు కాగితం అప్పటికే చెత్తబుట్టలోంచి కూడా వెళ్లిపోయింది. "మీరు గీసిచ్చినట్టే దిద్దాను సార్" అన్నాను. ఆయన సరేనన్నట్టు తలూపి పంపేశారు. కూల్చి కట్టే డబ్బు చర్చివాళ్ల దగ్గర లేక హాలును అలాగే పూర్తిచేశారు. దాదాపు ముప్పై ఏళ్లయింది. ఆ మాట వెనక్కి తీసుకోవాలన్నదే ఈ మూడు రోజుల ప్రయాణానికి అసలు కారణం.

సుచిత్ర

పైకి చెప్పుకోవడానికి వేరే పని ఉంది. సారు కూతురు సంధ్య వేసవి మొదట్లో ఫోను చేసింది. ఆఫీసు మూసేశారట. నక్షాలన్నీ ఒక కాలేజీకి ఇచ్చేస్తున్నారట. వాటితోపాటు ఆఫీసు చరిత్ర నాలుగు పేజీలు కావాలని వాళ్లు అడిగారట. నగరానికి ఉత్తరం వైపు కట్టినవాటిలో ఏవి ఉన్నాయో ఏవి పోయాయో చూసి రాయడానికి పాతవాళ్లలో నేనొక్కదాన్నే మిగిలానని అంది. మిగలడం కూడా ఒక అర్హతేనని అప్పుడు తెలిసింది.

వాళ్ల అపార్ట్‌మెంటు సుచిత్ర చౌరస్తాకు దగ్గర. మా రోజుల్లో ఇక్కడ బస్సు ఆగితే దిగేవాళ్లే ఉండేవారు కాదు. ఇప్పుడు రోడ్డు దాటడానికి నాకు పావుగంట పట్టింది. అదీ కూరగాయల సంచీతో ఉన్న ఒకావిడ నా మోచెయ్యి పట్టుకుని లాక్కెళ్లబట్టి. ఆవిడ పేరైనా అడగలేదు.

సంధ్య సర్వపిండి పెట్టింది. మా దిబ్బరొట్టెకు చుట్టమేమో అనుకుని కొరికాను. దిబ్బరొట్టె మెత్తగా లొంగిపోతుంది, ఇది పళ్లతో పందెం కడుతుంది. పల్లీలూ నువ్వులూ కరకరలాడుతుంటే రెండోది అడిగి తిన్నాను. తింటూ చుట్టూ చూస్తే గది నిండా మా నక్షాల చుట్టలే. ఒకటి విప్పి వాసన చూశాను. నకళ్లు తీసే మిషను ఘాటు ఇంకా పోలేదు, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఘాటుకేనని సంధ్యతో చెప్పాను.

'విఠల్ అండ్ ఖలీల్' మా ఆఫీసు పేరు. విఠల్‌రావు సారు గీసేవారు. ఏ గోడ ఎంత బరువు మోస్తుందో ఖలీల్ సాబ్ తేల్చేవారు. సినిమా హాళ్లు, నాటకశాలలు, కళాభవనాలు తప్ప ఇంకేమీ కట్టేవారు కాదు. ఇల్లు కట్టిపెట్టమని ఎవరైనా వస్తే చాయ్ తాగించి, మంచి మేస్త్రీ పేరు చెప్పి పంపేసేవారు. నలుగురు కూర్చుని ఒకే మాట వినే చోటు కట్టడం చిన్న పని కాదని సారు అనేవారు. హాలు అప్పజెప్పే ముందు ఆయన పోయి అందరికన్నా వెనక, నేల టిక్కెట్టు బెంచీ మీద కూర్చునేవారు. మాలో ఒకరం వేదికెక్కి, మైకు లేకుండా, మామూలు గొంతుతో ఏదో ఒకటి మాట్లాడాలి. వినపడకపోతే గోడలకు మళ్లీ పని పడేది. నేను వేదికెక్కినప్పుడల్లా మా అమ్మ చెప్పిన గోంగూర పచ్చడి కొలతలు అప్పజెప్పేదాన్ని. వెనక నుంచి సారు ఉప్పు ఎంతో చెప్పలేదనేవారు.

సారు బాల్కనీలో కుర్చీలో ఉన్నారు. ఎనభై దాటాయి, బక్కచిక్కారు. నన్ను చూసి "వచ్చినవా దుర్గా" అన్నారు, నిన్న సాయంత్రం వెళ్లి ఇవాళ వచ్చినట్టు. నేను రాయబోయే నాలుగు పేజీల గురించి ఒక్క మాటే చెప్పారు. "ఉన్నయి ఉన్నయని రాయి, లేనియి లేవని రాయి. నడుమల తీపి కలపకు." నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం రాదు. సున్నుండల డబ్బా చేతికిచ్చి, వస్తానని లేచాను.

మేడ్చల్

మేడ్చల్ సినిమా హాలు మా ఆఫీసు గర్వంగా చెప్పుకున్న కట్టడం. బస్సు దిగి చూస్తే ముందువైపు గుండ్రటి వరండా అలాగే ఉంది. సినిమా బొమ్మలుండే చోట మాత్రం పెళ్లికూతురూ పెళ్లికొడుకుల ఫోటో. ఇప్పుడది ఫంక్షన్ హాలు. స్థలం ఒక రైతు కుటుంబానిది, ఇప్పుడు వాళ్లు ప్లాట్లు అమ్ముతున్నారు, ఒకాయన ఎన్నికల్లో కూడా నిలబడ్డాడని గోడమీది రాతల వల్ల తెలిసింది.

తాళాలు సత్తెమ్మ అనే ఆవిడ దగ్గరున్నాయి. ఒకప్పుడు ఆడవాళ్ల కౌంటర్లో టిక్కెట్లు చింపింది తనేనని చెప్పింది. నేను నక్షా దిద్దినదాన్నని చెబితే నమ్మకుండా, అయితే ఆడవాళ్ల మెట్లు ఎటున్నాయో చెప్పమంది. చెప్పాను. ఆ తర్వాత చాయ్ డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు. ఇక్కడ చాయ్ పదిహేను రూపాయలు, మా ఊళ్లో పది. కానీ గ్లాసు నిండా పోస్తారు, అది ఒప్పుకోవాలి.

లోపల తెర లేదు, దాని చోట పెళ్లి మండపం. కుర్చీలు తీసేశారు గానీ సినిమా హాలు నేల వాలు అలాగే వదిలేశారు. బల్లల కాళ్ల కింద ఇటుకముక్కలు పెట్టి సర్దుకుంటున్నారట. అయినా ఇక్కడి పెళ్లి భోజనాల్లో పచ్చిపులుసు విస్తరి దాటి మండపం వైపే పోతుందని సత్తెమ్మ చెప్పింది. ఇద్దరం బాగా నవ్వుకున్నాం. తర్వాత ఆవిడ నన్ను వెనకాల నిలబెట్టి, తను మండపం దగ్గరికి వెళ్లి ఏదో గొణిగింది. ప్రతి మాటా వినపడింది. తన మోకాళ్ల నొప్పి గురించి చెబుతోంది. సారు కట్టిన గోడలు ఇంకా పనిచేస్తున్నాయి. ఆ సాయంత్రం నాకు మహా సంతోషంగా ఉంది, శామీర్‌పేట జ్ఞాపకం రానంతగా.

గండిమైసమ్మ దాటి

ఆ రాత్రికి సంధ్య ఇంటికే చేరి, మర్నాడు షేర్ ఆటోలో గండిమైసమ్మ వైపు వెళ్లాను. ముగ్గురు కూర్చునే చోట ఐదుగురం. పక్కనావిడ తన బుట్టలోని జామకాయ ఒకటి నా చేతిలో పెట్టి, ఒక్కదానివే ఎందుకు తిరుగుతున్నావని కసిరింది. జామకాయ తింటూ జవాబు చెబుతూ దిగాల్సిన చోటు దాటేసి, దుండిగల్ దాకా పోయాను. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలతో కిక్కిరిసిన మరో ఆటోలో వెనక్కి రావాల్సి వచ్చింది. అక్కడ ఆకాశంలో శిక్షణ విమానాలు దోమల్లా తిరుగుతూనే ఉంటాయి, తలెత్తి చూసింది నేనొక్కదాన్నే.

ఇక్కడ మేం కట్టింది ఆరుబయలు వేదిక. చుట్టూ కాలనీలు వచ్చేశాయి. వేదిక కింద ఆటోలు నీడకు నిలుపుకుంటున్నారు. బతుకమ్మ రోజుల్లో మాత్రం ఖాళీ చేసి కడుగుతారట. చూడగానే నా మనసు చివుక్కుమంది, ఆటోల వల్ల కాదు. వేదిక పడమర వైపు ఉంది, కూర్చునే మెట్లు దానికెదురుగా పడమటికి తిరిగి ఉన్నాయి. సాయంత్రం పూట సూర్యుడు చూసేవాళ్ల కళ్లలోనే పడతాడు. సారు పెన్సిలు పట్టి ఉంటే ఇది జరగనిచ్చేవారు కాదు. అప్పుడు గుర్తుకొచ్చింది. ఇది శామీర్‌పేట తర్వాత వచ్చిన పని. గీసింది ఖలీల్ సాబ్. పాపం ఆయనకు బరువులు తెలుసు గానీ ఎండ తెలియదు.

శామీర్‌పేట తర్వాత సారు గీయడం తగ్గించారు, ఆ పైన మానేశారు. వయసన్నారు, కంప్యూటర్లు వచ్చాయన్నారు. మేమూ అదే అనుకున్నాం. నాటకశాలల పని తగ్గి, ఆఫీసు మెల్లగా ఫంక్షన్ హాళ్లకు దిగింది. ఆ మెట్ల మీద కూర్చుని లెక్కేసుకుంటే, అప్పటికి సారుకు యాభై అయిదు కూడా నిండలేదు. ఎండకు లేచి వచ్చేశాను.

శామీర్‌పేట

హాలు కూలలేదు. చెరువుకూ కరీంనగర్ రోడ్డుకూ మధ్య, తెల్లసున్నంతో, నిక్షేపంగా ఉంది.

సారు అనుకున్న హాలు వేరు. చెరువు వైపు కాంక్రీటు స్తంభాలు, వాటి మధ్య పల్చటి ఇటుకగోడ, దానికి వరసగా పెద్ద కిటికీలు. చల్లగాలి అటునుంచి రావాలి, రేపు హాలు పెంచుకోవాలంటే అటే పెంచుకోవాలి. రోడ్డు వైపు కిటికీలు లేని మందపు రాతిగోడ. కప్పు బరువు సగం అది మోస్తుంది, లారీల చప్పుడంతా అది ఆపుతుంది. నా పుణ్యమా అని కిటికీలు లారీలకు ఎదురయ్యాయి, రాతిగోడ చెరువుకు అడ్డం నిలబడింది.

సంఘం పెద్ద ప్రకాశం గారు రిటైరైన బస్సు కండక్టరు. హాలు కట్టించింది వాళ్ల నాన్న. నన్ను లోపలికి తీసుకెళ్లేసరికి ఒకమ్మాయి ఆదివారం చదవాల్సిన వాక్యం చదువుతోంది. మధ్యలో ఠక్కున ఆపింది. మర్చిపోయిందేమో అనుకున్నాను. లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. అది పోయాక ఆగిన మాట దగ్గరి నుంచే మళ్లీ అందుకుంది. ప్రార్థన చేసేవాళ్లూ, పాడేవాళ్లూ అంతే. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లందరికీ అదే అలవాటని ప్రకాశం గారు చెప్పారు. వేరే ఊరి చర్చిలో కూడా హారన్ వినపడితే వీళ్లు ఆగిపోతారట, అక్కడివాళ్లు నవ్వుతారట. ఆయన కూడా నవ్వుతూనే చెప్పారు. నేను నవ్వలేకపోయాను. నా ఒక్క శనివారం తొందర ఇంతమంది గొంతుల్లో ఇంకా ఉంది.

అప్పుడు చూశాను, చెరువు వైపు గోడ మీద ఎర్రరంగుతో గుర్తులు. జనం పెరిగారు, హాలు చాలడం లేదు, ఆ గోడ తీసేసి అటు పెంచుతున్నారట. సోమవారం పని మొదలు. యాదగిరి మేస్త్రీ అక్కడే ఉన్నాడు. పంచాయతీ అనుమతికి మొదట్లో ఇచ్చిన నక్షా అట్ట వేయించి దాచుకున్నారు, అది తెచ్చి చూపించాడు. అది అంతకుముందు సారు విడిగా గీసిచ్చింది, నేను దిద్దింది కాదు, సరైనదే. అందులో చెరువు వైపు స్తంభాలున్నాయి. స్తంభాలుంటే మధ్య గోడ తీసినా కప్పుకు భయం లేదు. గారకింద ఏముందో పైకి తెలియదు కదా.

ఆ గోడ ముట్టుకోవద్దని, హాలు మొత్తం నక్షాకు తిరగబడి ఉందని చెప్పాను. మేస్త్రీ నన్ను ఎగాదిగా చూశాడు. ప్రకాశం గారు మర్యాదగానే కాదన్నారు.

"కిటికీలొక్కటే ఇటు పడ్డయని సారు జెప్పిండమ్మా. గోడల మాట ఎన్నడు జెప్పలే. గన్ని ఏండ్ల కిందటి ముచ్చట నీకెట్ల తెలుసు?"

"తిప్పి గీసింది నేనే కాబట్టి" అన్నాను.

ఆ మాట తర్వాత మిగతాదంతా ధారగా వచ్చేసింది. శనివారం, పెన్సిలు కాగితం, సారు అడగడం, నేను బొంకడం. మేస్త్రీ సుత్తి తీసుకుని ఎర్రగుర్తు పక్కన నాలుగు దెబ్బలు వేశాడు. గార పెళ్లలు రాలాయి. లోపల నల్లరాయి. చేతనైనంత మేర ఇంకో రెండు చోట్ల గీకాడు. అంతటా రాయే, స్తంభం లేదు. రోడ్డు వైపు కిటికీల మధ్య గీకితే కాంక్రీటు బయటపడింది. అతను సుత్తి కింద పెట్టి, గోడ తీసేటప్పుడు లోపల ఎంతమంది ఉండేవారో ప్రకాశం గారికి చెప్పాడు. ఆయన బెంచీ మీద కూర్చుండిపోయారు.

ఇక చెరువు వైపు పెంచలేరు. రోడ్డు వైపు ఖాళీ జాగా రోడ్డు వెడల్పుకే పోయింది. హాలు అంతే. ఈ సంగతి అర్థమయ్యాక ఆయన ముఖంలో కోపం రావాలని ఎదురుచూశాను. కోప్పడితే నాకు తేలికగా ఉండేది.

"సారుకు జెప్పినవా?" అని అడిగారు. లేదన్నాను.

"ఆయన మా నాయిన కాళ్లకాడ కూసోని మాఫీ అడిగిండు. గలతీ నాదేనన్నడు. నేను పక్కనే ఉన్న. నువ్వు జెప్పాలె తల్లీ."

ఆయన భార్య రూతమ్మ గారు నన్ను అన్నం తినకుండా వెళ్లనివ్వలేదు. జొన్నరొట్టె, చేపల పులుసు. మా వైపు చేపల పులుసు మర్నాటికి గానీ ముట్టం, ఊరితేనే రుచి అంటాం. ఇక్కడ పొయ్యి మీంచి దించి వేడివేడిగా పోశారు. చాలా బాగుంది. తింటూనే సుచిత్రకు బస్సు ఎన్నింటికో అడిగాను.

మళ్లీ సుచిత్ర

నేను చేరేసరికి సాయంత్రం ఐదున్నర. సంధ్య టీ పెడతానని లోపలికి వెళ్లింది. సారు బాల్కనీలోనే ఉన్నారు. మేడ్చల్లో ఏముందని అడిగారు. మేడ్చల్ తర్వాత చెబుతానని, శామీర్‌పేట చెప్పాను. ఏదీ తగ్గించలేదు, తీపి కలపలేదు. చెబుతున్నంతసేపూ ఆయన నా వైపు చూడలేదు.

హాలు నిలబడి ఉందా అని ముందు అడిగారు. గోడ జోలికి ఎవరూ పోకుండా చెప్పొచ్చానన్నాను. మంచిదన్నారు.

"నిన్ను అడిగిన వారమే కండ్ల డాక్టరు దగ్గరికి పోయిన. కండ్లు మంచిగున్నయన్నడు. కండ్లు మంచిగుంటే మరి దిమాగ్ పోయినట్టే గదా అనుకున్న. కుడి ఏదో ఎడమ ఏదో తెల్వనోడు వెయ్యిమంది కూసునే హాలు ఎట్ల గీస్తడు? పెన్సిల్ ఖలీల్‌కు ఇచ్చేసిన."

నాకు ఏడుపు ఆగలేదు. నేను భయపడ్డది నా ఉద్యోగానికి. అప్పుడు మా ఆయనకు పని లేదు, ఇంట్లో నా జీతమే ఆధారం. కానీ ఆ భయంతో నేను తీసుకున్నది ఆయన చేతిలోని పని. దండం పెట్టాను.

"అప్పుడే ఎందుకు చెప్పలే?" అన్నారు.

"ఉద్యోగం పోతుందని సార్."

"పోతుండె" అన్నారు, ఏమాత్రం తడుముకోకుండా. "ఆ దినమే తీసేస్తుంటి నిన్ను."

సంధ్య టీ తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టి, మా ముఖాలు చూసి లోపలికి వెళ్లిపోయింది. సారు కప్పు అందుకున్నారు. ఒక గుక్క తాగి, మొట్టమొదటిసారి నా వైపు తిరిగి చూశారు.

"తీసేసి, సోమవారం మళ్ల నేనే పిలిపిస్తుంటి. నీ అసుంటి చెయ్యి నాకు యాడ దొరుకుతుండె, దుర్గా."